అయిపోయాక మొదలేమిటి?

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. "ఓవర్ అంటే అయిపోవడం కదా తాతయ్యా, మరి స్టార్ట్ ఓవర్ అంటే మొదలవడమా, అయిపోవడమా?" అని అడిగారు. గేమ్ ఓవర్ అని వినీ వినీ వచ్చిన అనుమానం అయ్యుంటుంది. అడగాల్సిన మాటే అడిగారు.

ఇక్కడ ఓవర్ అంటే 'మళ్ళీ'. రాసినదాన్నే ఇంకోసారి రాస్తే తిరగరాశాం అంటాం చూడండి, ఆ 'తిరగ' లాంటిది. ఇది ఎక్కువగా అమెరికా వాళ్ళ వాడుక. బ్రిటన్‌లో స్టార్ట్ అగైన్ అనేస్తారు.

ఒక డబ్బా నిండా ఉన్న నాణేలు లెక్కపెడుతున్నారనుకోండి. 68 దాకా వచ్చారు. ఇంతలో ఎవరో పలకరించారు. తిరిగి చూస్తే, అన్నది 68 అనా, 78 అనా? ఎంత తన్నుకున్నా గుర్తురాదు. విసుక్కుంటూ, పక్కన పెట్టినవన్నీ మళ్ళీ కుప్పలో కలిపేసి ఒకటి నుంచి ఎత్తుకుంటారు. "ఐ లాస్ట్ కౌంట్, సో ఐ హ్యాడ్ టు స్టార్ట్ ఓవర్." ఆ కలిపేయడం ఉందే, అదే ఈ మాటకు ప్రాణం. అప్పటిదాకా చేసింది లెక్కలోకి రాదు.

అదే 68 అని కాగితం మీద రాసుకుని, అన్నం తిని వచ్చి 69 నుంచి అందుకుంటే అది స్టార్ట్ ఓవర్ కాదు, రెజ్యూమ్. ఫోన్లో ఆటలు ఆడతారుగా, రెజ్యూమ్ నొక్కాల్సిన చోట రీస్టార్ట్ నొక్కితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా!

వాన ఆగి మళ్ళీ మొదలైతే మాత్రం "ఇట్ స్టార్టెడ్ రెయినింగ్ అగైన్" అనాలి. స్టార్టెడ్ ఓవర్ అనకూడదు. కురిసిందంతా వెనక్కి తీసుకుని వాన మొదటి చినుకు నుంచి కురవదు కదా.

ఫ్రం స్క్రాచ్ అన్నా ఇంచుమించు ఇదే. స్క్రాచ్ అంటే పరుగుపందెం మొదలయ్యే చోట నేల మీద గీసే గీత. అన్నీ పోగొట్టుకుని బతుకు కొత్తగా మొదలుపెట్టినవాళ్ళ గురించి చెప్పేటప్పుడు కూడా ఈ రెండు మాటలూ వాడతారు.

మీరు రాసిన "ఐ స్టార్టెడ్ ఓవర్ మై డ్రాయింగ్" కొంచెం తేడాగా ఉంది. బొమ్మను మధ్యలోకి తెచ్చి "ఐ స్టార్టెడ్ మై డ్రాయింగ్ ఓవర్" అనండి. ఇట్ అయితే మధ్యలో ఉండి తీరాలి: స్టార్ట్ ఇట్ ఓవర్.

ఈ కాగితం మొదట్లో అక్షరాలు కుదురుగా ఉన్నాయని మురిసిపోకండి. ఇందాక రాసిన ఉత్తరం మీద సిరా ఒలికింది. ఐ స్టార్టెడ్ ఓవర్.

మీ
తాతయ్య