పిడి దూరంగా ఉన్న గొడుగు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పెద్దాడు నిన్న ఫోన్లో అడిగాడు: "తాతయ్యా, కంప్యూటర్‌లో ఆటోక్యాడ్‌తో ఇంటి ప్లాన్ గీస్తూ కుర్చీ బొమ్మను బల్ల దగ్గర పెడదామని క్లిక్ చేస్తే అది గోడ అవతలెక్కడో పడుతోంది. సాఫ్ట్‌వేర్ పాడైందా?" పాడవలేదురా. ఆ కుర్చీకి పిడి ఎక్కడుందో నువ్వు చూసుకోలేదు, అంతే.

గొడుగు సంగతే తీసుకోండి. దాన్ని పిడి దగ్గర పట్టుకుంటాం, చెయ్యి ఎటు పోతే గొడుగు అటు వస్తుంది. ఇప్పుడు ఒక వింత గొడుగును ఊహించుకోండి. గుడ్డ, ఊచలు అన్నీ బాగానే ఉన్నాయి, పిడి మాత్రం పది అడుగుల అవతలుంది. వానలో మీరు పిడి పట్టుకుని నిలబడతారు, గొడుగేమో ఎవరి నెత్తిమీదో ఉంటుంది. మీరు తడుస్తారు. పిడిని కాస్త తిప్పారా, గొడుగు గిర్రున పెద్ద చుట్టు చుట్టి ఇంకొకరి నెత్తిమీదకు పోతుంది!

ఆటోక్యాడ్‌లో బ్లాక్, అంటే ఒకసారి గీసి ఎన్నిచోట్లైనా పెట్టుకునే బొమ్మ, తయారు చేసేటప్పుడు బేస్ పాయింట్ అని ఒకటి ఉంటుంది. అదే పిడి. మీరు చూపించకుండా ఓకే కొట్టేస్తే, డ్రాయింగ్‌లో కొలతలు మొదలయ్యే 0,0 చోటునే పిడిగా పెట్టేసుకుంటుంది. కుర్చీని అక్కడికి ఎంత దూరంలో గీశారో పిడి అంత దూరం. తర్వాత ఇన్సర్షన్ పాయింట్ అని క్లిక్ చేసినప్పుడు అక్కడికొచ్చి కూర్చునేది పిడే, కుర్చీ కాదు.

మరి పిడి ఎక్కడుండాలి? వస్తువును బట్టి. స్తంభానికి నడిమధ్యన ఉండాలి, అది స్తంభాల వరుసలు చూపే గ్రిడ్ గీతలు కలిసే చోట నిలబడాలి కదా. వాష్‌బేసిన్‌కి వెనక అంచు మధ్యన, గోడకు ఆనేది అదే. తలుపుకి మడతబందు వైపు మూల. అక్కడ పట్టుకుంటే గోడలో వదిలిన ఖాళీ అంచుకు టక్కున అతుక్కుంటుంది, తలుపును ఎటు తిప్పినా ఆ మూల కదలదు.

మామూలు కాపీకీ ఇదే గొడవ. కంట్రోల్, సి కొడితే మీరు ఎంచుకున్న వాటన్నిటికీ కలిపి కింద ఎడమ మూలను పిడి అనుకుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి కొడితే ఎక్కడ పట్టుకోమంటావని మర్యాదగా అడుగుతుంది. అడిగించుకోవడమే అలవాటు చేసుకోండి. రెండు సెకన్లకు బద్ధకిస్తే సాయంత్రం దాకా సర్దుకుంటూ కూర్చోవాలి.

నాకు ఆ పాఠం సూది నేర్పింది. మా మేనమామ బల్ల మీద ప్లాన్లు గీసేవాడు. ప్లాను కింద తెల్లకాగితం పెట్టి, ప్రతి మూలలోనూ సూదితో గుచ్చి, కింద పడిన చుక్కలను పెన్సిల్‌తో కలపడమే అప్పట్లో కాపీ అంటే. ఒకసారి ఆ పని నాకిచ్చాడు. నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా గుచ్చాను. సగంలో మోచెయ్యి తగిలి పై కాగితం జరిగిందని చూసుకోలేదు. తీరా గీతలు కలిపితే సగం తలుపులు వాటి చోటు నుంచి వేలెడు పక్కకు పోయాయి. మామయ్య తిట్టలేదు. "ఈ ఇంట్లోకి గోడ దూకి వెళ్లాలిరా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

చిన్నదాని ప్రశ్న వేరు. ఒక గోడ సెట్టింగులు ఇంకో గోడకు ఎలా వస్తాయని. అమ్మడూ, అక్కడ పిడితో పని లేదు. నీ గొడుగు నీ చేతిలో, నా గొడుగు నా చేతిలోనే ఉంటాయి, నీ గొడుగు రంగు మాత్రం నా గొడుగుకు వస్తుంది. ఆటోక్యాడ్‌లో ఎం, ఎ కొడితే బ్రష్ వచ్చి లేయర్ (అది ఏ పొరలో ఉందో), రంగు, గీత రకం తెచ్చి పూస్తుంది. ప్లాన్లు గీసే ఇంకో సాఫ్ట్‌వేర్ ఆర్కిక్యాడ్, అది విండోస్‌లో నడిచేదైతే, ఆల్ట్ పట్టుకుని మొదటి గోడను క్లిక్ చేస్తే డ్రాపర్ దాని సెట్టింగులను పీల్చుకుంటుంది, కంట్రోల్, ఆల్ట్ రెండూ పట్టుకుని రెండో గోడను క్లిక్ చేస్తే సిరంజి ఎక్కిస్తుంది. ఏడుపు రాని ఇంజెక్షన్ ఇదొక్కటే.

ఒక్క బ్లాక్‌ను మారిస్తే డ్రాయింగ్‌లో ఉన్న వంద కుర్చీలూ ఒకేసారి ఎలా మారతాయంటారా? దానికి నా గొడుగు చాలదు. 1963లో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే తొలినాటి కంప్యూటర్ డ్రాయింగ్ ప్రోగ్రామ్‌లోనే ఆ విద్య ఉంది. నాకైతే చూసిన ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ఆ కుర్చీని ఒకసారి క్లిక్ చేయండి. చిన్న నీలం చతురస్రం ఒకటి వెలుగుతుంది, అదే పిడి. కుర్చీ మీద కనబడకపోతే జూమ్ తగ్గించుకుంటూ పోండి. ఎక్కడో ఖాళీలో ఒంటరిగా దొరుకుతుంది. కుర్చీకి ఎంత దూరంలో దొరికిందో కొలిచి నాకు రాయండి.

మీ తాతయ్య