డ్రైవ్ పెట్టాక బేరింగ్ ఎందుకు పోతోంది? పాత జబ్బే, కారణం కొత్తది

మా దగ్గర ఒక బ్లోవర్ మోటార్‌కి డ్రైవ్ (మోటార్ వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) పెట్టిన ఏడాదికే బేరింగ్ గోల మొదలైంది. గ్రీజు బాలేదన్నారు, అలైన్‌మెంట్ అన్నారు, మార్చారు, మళ్లీ పోయింది. ఈసారి బేరింగ్ కోసి చూస్తే అవుటర్ రేస్ (బయటి రింగు) లోపల దువ్వెన పళ్లలా వరసగా అడ్డగీతలు, గ్రీజేమో కాటుకలా నల్లగా. అది మామూలు అరుగుదల కాదు, కరెంటు కాల్చిన మచ్చ.

అసలు ఈ జబ్బు డ్రైవ్‌ల కంటే చాలా పాతది. 1924లోనే ఆల్జర్, శామ్సన్ అనే ఇంజనీర్లు అమెరికాలో షాఫ్ట్ కరెంట్ల (మోటార్ ఇరుసులో పుట్టే కరెంట్ల) మీద పేపర్ రాశారు. అప్పుడు కారణం వేరే, పెద్ద మెషీన్లలో స్టేటర్ కోర్‌ని (కదలని ఇనుప భాగాన్ని) ముక్కలుగా పేరుస్తారు కదా, ఆ అతుకుల వల్ల ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, అన్నివైపులా సమానంగా ఉండక షాఫ్ట్ రెండు కొసల మధ్య కాస్త వోల్టేజీ పుడుతుంది, అది ఒక బేరింగ్‌లోంచి బాడీకి, అక్కణ్నించి రెండో బేరింగ్‌కి చుట్టూ తిరుగుతుంది. ఒకవైపు బేరింగ్ ఇన్సులేట్ చేస్తే దారి తెగినట్టే. దశాబ్దాలు దాంతోనే గడిచిపోయింది, చిన్న మోటార్ల వాళ్లకైతే ఈ తలనొప్పే తెలీదు.

1990ల్లో ఐజీబీటీ (చాలా వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే ట్రాన్సిస్టర్) డ్రైవ్‌లు వచ్చి కథ మార్చేశాయి. మామూలు సప్లైలో మూడు ఫేజులు ఏ క్షణంలో కూడినా సున్నా వస్తుంది, డ్రైవ్ ఇచ్చేవి ఆన్-ఆఫ్ పల్సులు కాబట్టి అలా కుదరదు. మన 415 వోల్టులకి డ్రైవ్ లోపల డీసీ బస్ (ఏసీని మార్చి ఉంచుకునే డీసీ వోల్టేజీ) 585 దాకా ఉంటుంది, మూడు ఫేజులూ ఒకేసారి పైనున్నప్పుడు వైండింగ్ మొత్తం సుమారు 290 వోల్టులు పైకి, ఇంకో క్షణంలో అంతే కిందికి, ఇలా సెకనుకి వేలసార్లు. వైండింగ్‌కీ రోటర్‌కీ (తిరిగే భాగానికీ) మధ్య సందు కెపాసిటర్‌లా పనిచేసి అందులో కొద్ది శాతం షాఫ్ట్‌కి ఎక్కిస్తుంది. బాల్స్‌కీ రేస్‌కీ మధ్య ఉండేది మైక్రాన్ అటూఇటూ నూనె పొర, అదెంతసేపు ఆగుతుంది, పగిలి చిటుక్కుమని స్పార్క్, కంటికి కనపడని గుంట. ఇలాంటివి లెక్కలేనన్ని పడి చివరికి ఆ గీతలు.

అమెరికాలో ఎర్డ్‌మన్, కెర్క్‌మన్ అనే ఇంజనీర్ల టీమ్, విస్కాన్సిన్ యూనివర్సిటీలో లిపో వాళ్లూ 1995-96లో దీన్ని కొలిచి చూపించారు, 2004లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఆనెట్ మ్యూట్సే థీసిస్ ఏ సైజు మోటార్‌కి ఏ రకం కరెంటో విడదీసింది. పెద్ద మోటార్లలో చుట్టూ తిరిగే కరెంటే ఎక్కువ కాబట్టి అక్కడ పాత మందు ఇప్పటికీ పనిచేస్తుంది, చిన్నవాటిలో ఈ స్పార్కులదే రాజ్యం.

మా వాళ్లు మాది ఏ రకమో ఆ తేడా చూడకుండా మోటార్ వెనక ఫ్యాన్ వైపు ఇన్సులేటెడ్ బేరింగ్ వేశారు. ఖరీదు బాగానే అయింది, నాలుగు నెలలకి కప్లింగ్ వైపుది పోయింది. ఆ తర్వాతే షాఫ్ట్‌కి గ్రౌండింగ్ రింగ్ (కరెంటుని బేరింగ్‌లోంచి కాకుండా నేరుగా ఎర్త్‌కి పంపేది) పెట్టి, కేబుల్ షీల్డ్‌ని గ్లాండ్ (కేబుల్ లోపలికి వెళ్లే బిగింపు) దగ్గర చుట్టూ ఎర్త్ చేశారు.