కంచే చేను మేసిన సెన్సర్

నీళ్లలో కరిగిన సీసం కంటికి కనబడదు, వాసన రాదు. తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఇంత తక్కువ సీసాన్ని ఓ పలుచని ప్లాస్టిక్ పొరతో పట్టుకోవచ్చంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు.

పొర అనగానే జల్లెడ గుర్తొస్తుంది. ఇది జల్లెడ కాదు. ఇందులో సుమారు మూడో వంతు పీవీసీ, మిగిలినది దాదాపు అంతా దాన్ని మెత్తబరిచే నూనెలాంటి ద్రవం. నూటికి ఒక వంతు మాత్రం అయనోఫోర్ అనే పదార్థం కలుపుతారు. అసలు పనంతా దానిదే. దాని అణువు మధ్యలో సీసం అయాన్‌కు, అంటే ధనావేశమున్న సీసం కణానికి, సరిగ్గా అమరే చోటుంటుంది. నీళ్లలోని సీసం అయాన్లు కొన్ని అక్కడికి చేరతాయి, వాటి జంట రుణావేశాలు మాత్రం బయటే ఉండిపోతాయి. ఆ ఎడబాటే వోల్టేజి. సీసం గాఢత పది రెట్లు మారితే, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద వోల్టేజి సుమారు 29.6 మిల్లీవోల్టులు మారుతుంది. నెర్న్‌స్ట్ సమీకరణం చెప్పే లెక్క ఇది. అందుకే మీటరు ఒక్క మిల్లీవోల్టు తప్పినా గాఢతలో దాదాపు 8 శాతం తేడా వచ్చేస్తుంది.

ఇంత తెలిసినా, ఈ సెన్సర్లు చాలా ఏళ్లపాటు లీటరుకు సుమారు 200 మైక్రోగ్రాముల దగ్గరే ఆగిపోయాయి. అంతకంటే పలుచని ద్రావణంలో ముంచితే రీడింగు కదిలేది కాదు. చిక్కు బయట లేదు, లోపలే ఉంది. ఈ పొరను చివర బిగించిన గొట్టమే ఎలక్ట్రోడ్; ఆ గొట్టంలో సీసం లవణం కలిపిన ద్రావణం ఉంటుంది. అందులోని సీసం పొర గుండా మెల్లగా బయటికి ఊరి, పొర ఉపరితలాన్ని అంటుకునే ఉండేది. సెన్సర్ కొలుస్తున్నది తాను కార్చిన సీసాన్నే!

1997లో జ్యూరిక్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త ఎర్నో ప్రెచ్ బృందం లోపలి ద్రావణంలో ఈడీటీఏ అనే రసాయనం కలిపింది. అది సీసాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది కాబట్టి స్వేచ్ఛగా తిరిగే అయాన్లు దాదాపు మిగలవు, ఊట కట్టుబడుతుంది. దాంతో కొలవగలిగే హద్దు లీటరుకు నానోగ్రాము స్థాయికి దిగింది. అయితే మరీ బిగిస్తే కథ తిరగబడుతుంది: పొర బయటి నీళ్లలోని సీసాన్నే లోపలికి పీల్చుకుని, అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఈ పొరకు తెలిసేది స్వేచ్ఛగా ఉన్న సీసం అయాన్లే. కార్బొనేటుతోనో సేంద్రియ పదార్థంతోనో జతకట్టినది దానికి కనబడదు. క్షారత పెరిగితే సీసం హైడ్రాక్సైడ్‌గా మారి చేజారుతుంది, ఆమ్లత మరీ ఎక్కువైతే హైడ్రోజన్ అయాన్లు మధ్యలో దూరతాయి. మొత్తం సీసం లెక్క కావాలంటే ముందు ఆమ్లంతో అంతా కరిగించి, తర్వాత పీహెచ్ సరిచేసి, అప్పుడు ఎలక్ట్రోడ్ ముంచాలి.