ఒండ్రు నేల కుదుపును మింగేస్తుందా?

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం రాజమహేంద్రవరం దాకా తెలిసింది. అప్పటి నుంచి అమలాపురం చుట్టుపక్కల ఏ సైటుకు వెళ్లినా ఒకటే మాట: “మనకేం భయం లేదండీ ఇంజనీరు గారూ, మనది మెత్తటి ఒండ్రు నేల. పరుపులా కుదుపును మింగేస్తుంది.” దీన్ని నమ్మి ఇనుములో పొదుపు చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వాస్తవం సరిగ్గా తలకిందులు. జున్ను గిన్నెను వేలితో తట్టి చూడండి. గిన్నె కదిలీ కదలనట్టు ఉంటుంది, జున్ను వణుకుతూనే ఉంటుంది. రాతి నేల గిన్నె, మన డెల్టా జున్ను. 1985లో మెక్సికో నగరం భూకంప కేంద్రానికి 350 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. అయినా పాత సరస్సు అడుగు మట్టి మీద కట్టిన పేటలు ఘోరంగా దెబ్బతిన్నాయి.

అంత దూరం ఎందుకు, నేను కళ్లారా చూశాను. 2001 జనవరి 26న మేము అహ్మదాబాద్‌లో ఉన్నాం. నాకు పదేళ్లు. జెండా వందనానికి బడి మైదానంలో నిలబడితే కాళ్ల కింద నేల ఊగింది. మాస్టారు అందరినీ కూర్చోమని అరిచారు. భూకంప కేంద్రం 200 కిలోమీటర్లకు పైగా అవతల, కచ్‌లో. తీవ్రత 7.7. ఇంటికి వస్తుంటే వీధి మొదట్లోని అపార్టుమెంటు ఒక అంతస్తు తగ్గి కనిపించింది. కింద ఉండాల్సిన పార్కింగ్ నలిగి మాయమైంది. మొదటి అంతస్తు బాల్కనీ నా భుజాల ఎత్తున ఉంది, తీగ మీద ఆరేసిన బట్టలు ఆరేసినట్టే ఉన్నాయి. నలిగిన పిల్లర్‌లోంచి ఊచలు బయటికి వంగి, వాటిని చుట్టి పట్టి ఉంచే ఇనుప రింగులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. అవి ఎందుకు తెరుచుకున్నాయో ఇంజనీరింగ్‌లో గానీ అర్థం కాలేదు.

రింగు కొసను 90 డిగ్రీలకు వంచి వదిలేస్తే కాంక్రీటు పెచ్చు ఊడగానే విచ్చుకుంటుంది. 135 డిగ్రీలకు వంచి లోపలికి దించాలి. పిల్లర్ పైకొసనా కిందికొసనా రింగుల మధ్య 100 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇనుము వంచే బార్ బెండర్‌కు శ్రమ ఎక్కువ, అందుకే దగ్గర నిలబడి చూసుకోవాలి.

“1969లో భద్రాచలం భూకంపానికి మా పెంకుటిల్లు చెక్కుచెదరలేదు బాబూ” అంటారు పెద్దలు. నిజమేనండీ. అప్పటి తీవ్రత 5.7, ఇల్లు ఒంటి అంతస్తు. ఇప్పుడు ఆ స్థలంలోనే కింద గోడల్లేని పార్కింగ్, పైన అయిదు అంతస్తుల బరువు.

మిగతావి త్వరగా: భూకంపం ఫలానా రోజు వస్తుందని ఎవరూ చెప్పలేరు, అలాంటి వాట్సాప్ సందేశాలు తుడిచేయండి. చిన్న ప్రకంపనలు వస్తే పెద్దది తప్పిపోతుందన్నదీ అబద్ధమే.

మొన్న ఒకావిడ ఫోను చేసి, “కింద పార్కింగే అండీ, పిల్లలతో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు” అన్నారు. అమ్మా, కట్టిన భవనాన్ని కూడా గట్టిపరచవచ్చు. పిల్లర్లకు ఇనుముతో, కాంక్రీటుతో తొడుగు వేయవచ్చు, కార్లకు అడ్డం రాని చోట్ల కాంక్రీటు గోడలు లేపవచ్చు. ఫ్లాట్ల వాళ్లంతా కలిసి ముందు డ్రాయింగులు వెతికించండి. అవి పట్టుకుని నేనే వచ్చి చూస్తానని చెప్పాను.