నేల మీద గీసిన ఊరు

ఊళ్లో నిరుపేదలెవరో ఎవరు తేల్చాలన్న గొడవ మళ్లీ రాజుకుంది. 2025 జనవరి 21 నుంచి 24 దాకా తెలంగాణలో గ్రామసభలు పెట్టి ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డుల జాబితాలు చదివితే చాలాచోట్ల జనం "మా పేరేది?" అని అధికారులను నిలదీశారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది ఉగాదికి మొదలైన పీ4లో, కలిగినవాళ్లు పేద కుటుంబాలను దత్తత తీసుకునే ఆ పథకంలో, సాయం అందాల్సిన 'బంగారు కుటుంబాలు' ఎవరన్నదీ ఇలాంటి పంచాయితీయే. జాబితా ఎక్కడో తయారవుతుంది. సభలో చదువుతారు. గలాటా అవుతుంది. పేరు లేనివాళ్లను మళ్లీ దరఖాస్తు పెట్టుకోమంటారు.

పాతికేళ్ల కిందట ఇవే పల్లెల్లో ఇదే పనిని జనం గుండ్రంగా కూర్చుని, నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీసి, ఇంటింటి మంచిచెడ్డలు మాట్లాడుకుని చేసిన రోజులున్నాయి. పీఆర్ఏ అనేవాళ్లు, పార్టిసిపేటరీ రూరల్ అప్రైజల్, అంటే ఊరి సంగతి ఊరివాళ్లే అంచనా వేసుకోవడం. స్వచ్ఛంద సంస్థల్లోనో, వెలుగు అనే సర్కారు పేదరిక నిర్మూలన పథకంలోనో పనిచేసిన వాళ్లకు దాని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దాని పుట్టుపూర్వోత్తరాల దగ్గర్నుంచి మొదలుపెడితే ఇప్పటి గొడవకు వచ్చేసరికి తెల్లారిపోతుంది. ఆ పని ఎప్పుడు, ఎక్కడ దారి తప్పిందన్నదే ఇప్పుడు కావలసింది.

నేను చూసిన మొదటి పటం 2002 వేసవిలో, ఉత్తరాంధ్రలో ఒక కొండవార ఊళ్లో. రామమందిరం ముందు కల్లాపి చల్లి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ముందుగా బూడిదతో రోడ్డు గీశారు. చెరువుకు బట్టల నీలిమందు చల్లారు. పెంకుటిళ్లకు ఇటుకపొడి, పూరిళ్లకు గడ్డిపోచలు, మేడలకు గులకరాళ్లు. ఇంట్లో ఎంతమందో చెప్పడానికి చింతపిక్కలు. మధ్యలో ఒక కోడి నడుచుకుంటూ వచ్చి సర్పంచి గారి మేడను తన్నుకుంటూ పోతే అందరూ నవ్వారు, ఆయన కూడా.

గంటన్నరకు ఊరు తయారైంది. అప్పుడు గుంపు వెనక నిలబడ్డ ఒక ముసలమ్మ అడిగింది, "మరి మా ఈది ఏదమ్మా?" అని. నిజమే, మాలపేట పటంలో లేదు. కావాలని వదల్లేదంటే నమ్మొచ్చు. గీస్తున్నవాళ్లు ఊరి నడుమ నుంచి మొదలెట్టారు, పేట ఉండాల్సిన వైపు వచ్చేసరికి మందిరం అరుగు అడ్డొచ్చింది, జాగా అయిపోయింది. ఒకాయన "పక్కన చిన్న గీత పెట్టేయండి, సరిపోద్ది" అన్నాడు. ముసలమ్మ ఒప్పుకోలేదు. చివరకు చెరువును చెరిపారు. రోడ్డును చెరిపారు. సగం ఊరిని మూరెడు అవతలికి జరిపి మళ్లీ గీశారు. ముప్పై ఒక్క ఇల్లు పటంలోకి వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే చెరువుగట్టు నుంచి కొండ వరకు నడిచాం. ఆఫీసు భాషలో ట్రాన్సెక్ట్ వాక్. పటంలో బోరింగు ఉన్నచోట నిజంగానే బోరింగు ఉంది. దానికి హ్యాండిల్ లేదు, ఆర్నెల్లయిందట. నేల మీద గీసినప్పుడు ఎవరికీ తట్టని సంగతి కాళ్లతో వెళ్తే తెలిసింది. గీయడం ఒక్కటే, లేదా నడవడం ఒక్కటే అయితే ఈ పద్ధతి సగం పనికే వస్తుందని నాకు ఆ రోజే అర్థమైంది.

ఈ పద్ధతి దేశమంతా పాకడంలో హైదరాబాదుకు పెద్ద పాత్రే ఉంది. దీని గురించి అందరికంటే ఎక్కువ రాసిన బ్రిటిష్ పరిశోధకుడు రాబర్ట్ చాంబర్స్ 1989 నుంచి 1991 దాకా ఇక్కడే, బెల్లా విస్టాలోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉన్నారు. అప్పటికే గుజరాత్‌లో ఆగాఖాన్ గ్రామీణ సంస్థ, కర్ణాటకలో మైరాడా అనే స్వచ్ఛంద సంస్థ ఊళ్లలో పటాలు గీయిస్తున్నాయి. చాంబర్స్ పదేపదే చెప్పిన మాట ఒక్కటే: కర్ర వాళ్ల చేతికివ్వండి, మీరు పక్కన కూర్చోండి. కాగితం మీద అయితే పెన్ను ఒకరి చేతిలోనే ఉంటుంది. నేల మీద అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా వంగి సరిచేయొచ్చు. సరిచేయాలంటే ముందు చెరపాలి. ఈ చెరిపే సంగతి గుర్తుంచుకోండి.

అంతకు కొన్నేళ్ల ముందు, పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త ఎన్.ఎస్. జోధా రాజస్థాన్‌లో రెండూళ్ల లెక్కలు తీశారు. 1960లలో ఒకసారి, 1980లలో ఒకసారి అవే ఇళ్లను చూశారు. నిజ ఆదాయం 5 శాతానికి పైగా పడిపోయిన ఇళ్లు 36 తేలాయి. సర్వే లెక్కన వాళ్లు మరింత పేదలయ్యారు. కానీ ఆ ఇళ్లవాళ్లే చెప్పిన 38 కొలతల్లో 37 కొలతల ప్రకారం వాళ్ల బతుకు బాగుపడింది. ఆసామి దగ్గర జీతానికి ఉండక్కర్లేకపోవడం, కాళ్లకు చెప్పులు ఉండడం లాంటివి ఆ కొలతలు. 1988లో అచ్చయిన ఆ పరిశోధన తర్వాత 'ఆస్తి' అనే మాట పక్కకుపోయి 'బాగోగులు' అనే మాట పీఆర్ఏలోకి వచ్చింది. ఆస్తినిబట్టి ఇళ్లను వరుస పెట్టడం మానేసి, బాగోగులనుబట్టి వరుస పెట్టడం మొదలైంది.

మన దగ్గర దాన్ని నిజంగా పనిలో పెట్టింది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు. 1990ల నడుమ వాళ్లు బీడు భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నల్లో వాటా ఊరి గింజల నిధికి జమచేసే ఏర్పాటు చేసుకున్నారు. సర్కారు చౌక దుకాణంలో దొరికేవి బియ్యం, వీళ్లు తినేది జొన్న. వానాకాలంలో, పనులూ గింజలూ రెండూ కరువయ్యే నెలల్లో, ఆ జొన్నలు తక్కువ ధరకు ఎవరికివ్వాలి? అక్కడే పటం వచ్చింది.

ఊరు మొత్తం కూర్చుంది. నేల మీద ఇల్లిల్లూ గీశారు. ఏ ఇల్లు ఎంత పేదదో ఐదు మెట్ల లెక్కన అక్కడే తేల్చారు. భూమి ఎంతుంది అన్నది ఒక్కటే కొలత కాలేదు. భూమి ఉన్నా అది చవుడైతే? మగదిక్కు లేకపోతే? చిన్నపిల్లాడిని జీతానికి పెట్టాల్సి వస్తే? ఇలాంటివి ఫారంలో గడులుగా రావు, మాటల్లో వస్తాయి. తప్పు చెబితే పక్కింటావిడ అక్కడే ఉంది, ఊరుకోదు. ఎవరికి ఎన్ని గింజలో కూడా ఆ మెట్టునుబట్టే. జాబితా బయటపడ్డాక గొడవపడ్డం కాదు, గొడవపడి జాబితా చేశారు. గింజలు వాళ్లు పండించినవే కాబట్టి దొంగ పేరు ఎక్కిస్తే నష్టం ఎవరికో అందరికీ తెలుసు. ఇప్పటి జాబితాలకు లేనిది ఇదే అని నా అనుమానం.

అసలు మలుపు మాత్రం పస్తాపూర్‌లో కాదు, ఢిల్లీలో. కరువు ప్రాంతాల పథకాలను సమీక్షించమని వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగు ఆర్థికవేత్త సీహెచ్ హనుమంతరావు. ఆ కమిటీ సిఫార్సుల మీద 1994లో వాటర్‌షెడ్ (వాన నీటిని ఎక్కడికక్కడ నిలిపే పరీవాహక ప్రాంతం) మార్గదర్శకాలు వచ్చాయి, 1995 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. సుమారు 500 హెక్టార్లకు ఒక వాటర్‌షెడ్, దానికో కమిటీ, ఊరివాళ్లే రాసుకునే ప్రణాళిక, ఆ ప్రణాళికకు ముందు పీఆర్ఏ. ఉద్దేశం వంక పెట్టలేనిది. కాంట్రాక్టరు చేతిలోంచి పని తీసి ఊరి చేతిలో పెట్టాలన్నారు.

కానీ ఆ రోజు నుంచి పటం గీయడం ఊరి అవసరం కాకుండా ఫైలు అవసరం అయింది. నిధులు విడుదల కావాలంటే ప్రణాళిక కావాలి, ప్రణాళికకు పటం జతపరచాలి. జతపరచాలంటే అది కాగితం మీద ఉండాలి. నేల మీద గీసినదాన్ని స్కెచ్ పెన్నులతో చార్టు మీదకు ఎక్కించారు. కొన్నాళ్లకు నేరుగా చార్టు మీదే గీశారు. ఇంకొన్నాళ్లకు ఊళ్లో బాగా బొమ్మలు వేసే కుర్రాడిని పిలిచి గీయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాటర్‌షెడ్లు వేల లెక్కన మంజూరయ్యాయి. అన్ని ఊళ్లలో కూర్చుని వినే ఓపిక, తీరిక ఎవరికుంది? ఒక ఆఫీసులో మూడూళ్ల చార్టులు ఒకే గోడకు వేలాడుతుంటే చూశాను. మూడింటిలోనూ ఒకే చేతిరాత, ఒకే మల్లెపువ్వు బోర్డరు.

ఆ తర్వాత జరిగినదంతా దీని కొనసాగింపే. 2000లో ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, అనంతపురం, చిత్తూరు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు మొదలైంది. మళ్లీ నేల మీదకు వచ్చారు, మళ్లీ నిరుపేదలు, పేదలు, మధ్యతరగతి, ధనికులు అని ఇళ్లను విడదీశారు. నేను చూసిన ఆ ముసలమ్మ ఊరు ఈ విడతలోదే. ఊళ్లలో ఈ పని చేయించిన సీసీలు, అంటే కమ్యూనిటీ కోఆర్డినేటర్లు, కుర్రాళ్లు, చాలామంది చిత్తశుద్ధితోనే చేశారు. కానీ జాబితా ఒకసారి కంప్యూటర్‌లోకి వెళ్లాక ఊళ్లో మనిషి పోయినా, కాపురం విడిపోయినా, ఎడ్లు అమ్ముకున్నా దాన్ని చెరపడానికి దారి లేకపోయింది. ముసలమ్మ సగం ఊరిని జరిపించగలిగింది నేల మీద కాబట్టి.

అధికారుల వాదన కూడా వినాలి. నలుగురిలో గీసే పటం నిష్పాక్షికమన్నది భ్రమ అంటారు వాళ్లు. పెద్ద గొంతున్నవాళ్ల ఇల్లు ముందు పడుతుంది, ఆడవాళ్లు వెనక నిలబడతారు, సర్పంచి బంధువు నిరుపేద అవుతాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. పశ్చిమ భారతంలో పీఆర్ఏలు దగ్గరుండి చూసిన మానవశాస్త్రవేత్త డేవిడ్ మోస్ 1994లోనే ఈ మాట రాశారు: అందరి ముందు జరిగే పనిలో ఊరి పెత్తనమే ఊరి అభిప్రాయంగా బయటికొస్తుందని. ఇంటి వివరాలు యాప్‌లోకి ఎక్కిస్తే యాప్‌కు చుట్టరికాలు ఉండవు కదా అన్నది ఇప్పటి జవాబు.

నిజమే, ఉండవు. యాప్‌కు కరెంటు మీటరు మాత్రం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వ హయాంలో పథకాల అర్హతకు పెట్టిన ఆరు అంచెల పరిశీలనలో నెలకు 300 యూనిట్ల కరెంటు దాటకూడదన్నది ఒక గీత. ఒకే మీటరు కింద అన్నదమ్ములవి రెండు కాపురాలుంటే? అద్దెకున్న ఇంటి మీటరు ఇంకెవరి ఆధార్‌కో అతుక్కుంటే? పటం గీసేటప్పుడు ఇది అర నిమిషంలో తేలే విషయం. "వాళ్లది వేరు పొయ్యి కదా" అని ఎవరో ఒకరు అంటారు, అయిపోతుంది. సచివాలయం చుట్టూ అయితే ఎన్ని తిరుగుళ్లో తిరిగినవాళ్లకు తెలుసు.

పటాన్ని చెడ్డపనికి వాడొచ్చన్న సంగతి కూడా దాచక్కర్లేదు. 2000 ప్రాంతంలో బంగ్లాదేశ్ రాజ్‌షాహీ దగ్గర మొస్‌మొయిల్ గ్రామంలో కమల్ కార్ అనే అభివృద్ధి సలహాదారు చేయించిన పటంలో జనం బయలుకు వెళ్లే చోట్లన్నీ పసుపు పొడితో గుర్తుపెట్టారు. తర్వాత అందరినీ ఆ చోట్లకు నడిపించారు, అసహ్యం పుట్టాలని. మరుగుదొడ్లు కట్టుకున్నారు, పద్ధతి ఎన్నో దేశాలకు వెళ్లింది. అదే పటం, అదే నడక. సిగ్గును పనిముట్టుగా వాడితే ఊరి బాగు ఎక్కడ ఆగి ఊరి వేధింపు ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. పేదరికం విషయంలోనూ అంతే. "నన్ను అందరి ముందూ నిరుపేద అని చదవొద్దమ్మా, పిల్ల పెళ్లి ఉంది" అని పటం దగ్గర ఒకావిడ సీసీ చెవిలో చెప్పడం నేను విన్నాను. ఆమె చింతపిక్కను మధ్యతరగతి కుప్పలోకి నెట్టేశారు. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేను. ట్యాబ్‌లో అయితే ఆమె చెప్పేదాన్ని వినే చెవి ఉండదు.

ఇప్పుడు పంచాయతీ ప్రణాళికలకు మళ్లీ పీఆర్ఏ చేయాలంటున్నారు. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న మొదలయ్యే ప్రజా ప్రణాళిక ప్రచారం మార్గదర్శకాల్లో ఉంది, జలజీవన్ మిషన్‌లోనూ ఉంది. ముగ్గు వేస్తున్నారు కూడా. ఫోటో తీసి అప్‌లోడ్ చేశాక చీపురుతో ఊడ్చేస్తున్నారు. ఊడవడానికీ చెరపడానికీ తేడా ఉంది.

పోయినేడు పనిమీద ఆ కొండవార ఊరి మీదుగా వెళ్తూ ఆగాను. 2002 నాటి పటాన్ని తర్వాత ఎవరో బడి ప్రహరీ మీద ఎనామెల్ పెయింటుతో శాశ్వతంగా వేయించారు. చెరువు నీలంగా ఉంది, రోడ్డు నల్లగా ఉంది. మాలపేట ముప్పై ఒక్క ఇళ్లూ ఉన్నాయి, అన్నీ పూరిళ్లే. ఇప్పుడక్కడ డాబాలు లేచాయి, కొన్ని ఇళ్లకు తాళాలు పడి జనం చెన్నై వెళ్లిపోయారు. ముసలమ్మ ఇల్లు ఎక్కడుండేదని అడిగితే ఒక కుర్రాడు గోడ మీద చూపించాడు. ఆవిడ పోయి పదేళ్లు దాటిందట. పటంలో బోరింగు ఉంది, దానికి హ్యాండిల్ కూడా చక్కగా గీశారు.