పిల్లి ఒంటికి పడని తైలాలు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడుస్తుంటే పచ్చకర్పూరం, అగరుబత్తి, లవంగం వాసనలు కలగలిసి ముక్కుకు తగులుతాయి. మంచి వాసన ఉన్నచోట శుభ్రం, ఆరోగ్యం ఉంటాయని చిన్నప్పటి నుంచే మనసులో పడిపోతుంది. అందుకే టీ ట్రీ ఆయిల్, లావెండర్ నూనె లాంటివి ఇంట్లోకి కొత్తగా వచ్చినా ఎవరూ అనుమానించరు. చెట్టు నుంచి తీసిందే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటారు. ఇంట్లో పిల్లి ఉంటే ఆ నమ్మకం ప్రమాదం.

సుగంధ తైలం ఆకులు మరిగించిన కషాయం లాంటిది కాదు. బోలెడు ఆకునో పువ్వునో ఆవిరి పట్టి, అందులోని ఘాటంతా కొద్దిపాటి నూనెగా దించుతారు. అది కొవ్వులో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి చర్మం నుంచీ, ఊపిరితిత్తుల నుంచీ కూడా రక్తంలో చేరుతుంది. మన ఒంట్లో అయితే కాలేయం ఇలాంటి పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలిస్తుంది. అప్పుడవి నీళ్లలో కరిగి మూత్రంతో బయటికి పోతాయి. ఈ పనిచేసే ఎంజైముల్లో ముఖ్యమైన ఒకదాని జన్యువు, యూజీటీ1ఏ6, పిల్లుల్లో చెడిపోయి ఉంది. దాంతో ఫినాల్ రకం పదార్థాలు వాటి ఒంట్లో చాలాసేపు నిలిచిపోతాయి. లవంగ నూనెలోని యూజినాల్ ఆ రకమే. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలగడానికీ ముఖ్య కారణం ఇదే.

ఈ లోపం ఇంటి పిల్లికే పరిమితం కాదు. సింహాల్లో, చీతాల్లో కూడా కనిపించింది. తరతరాలుగా మాంసమే తినే జాతికి మొక్కల్లోని విషాలను విరిచే అవసరం పెద్దగా రాలేదని, వాడకం లేని జన్యువు కాలక్రమంలో పాడైపోయిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. శేషాచలం అడవుల్లో తిరిగే చిరుతదీ, మన వంటింటి గడప మీద కూర్చునే పిల్లిదీ ఒకే కుటుంబం. పాలన్నం పెట్టి పెంచినంత మాత్రాన దాని కాలేయం మారదు.

దీనికి తోడు పిల్లికి ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకునే అలవాటు. వీపు మీద పడిన చుక్క కాసేపటికి కడుపులోకి పోతుంది. తైలాన్ని సన్నని తుంపరగా చిమ్మే డిఫ్యూజర్ దగ్గర పడుకున్నా అంతే, ఆ తుంపర బొచ్చు మీద పేరుకుంటుంది. హారతి కర్పూరం నిమిషంలో వెలిగి ఆరిపోతుంది. మూసిన గదిలో గంటల తరబడి నడిచే డిఫ్యూజర్‌ను దానితో పోల్చకూడదు. అది పెట్టాలనుకుంటే కిటికీ తెరిచి, కాసేపే పెట్టండి, పిల్లి బయటికి వెళ్లేలా తలుపు తీసి ఉంచండి. ఆస్తమా ఉన్న పిల్లి ఉంటే అసలు వద్దు. లవ్‌బర్డ్స్ లాంటి పక్షులున్న ఇంట్లోనూ వద్దనే చెబుతాను, వాటి ఊపిరితిత్తులు మరీ సున్నితం.

కుక్కలకు ఆ జన్యువు పనిచేస్తుంది గానీ, అవీ క్షేమమని కాదు. పిడుదులు పట్టాయని కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి కుక్కకు పూయడం మన దగ్గర మామూలే. కర్పూరం చర్మం గుండా చప్పున ఇంకుతుంది, మోతాదు మించితే మూర్ఛలు వస్తాయి. కుక్కపిల్లలకు ఇంకా ముప్పు. టీ ట్రీ ఆయిల్ సంగతి అమెరికాలో లెక్కలతో సహా నమోదైంది. నీళ్లు గానీ వేరే నూనె గానీ కలపని టీ ట్రీ ఆయిల్ బారిన పడిన 443 కుక్కలు, పిల్లుల వివరాలతో 2014లో ఒక అధ్యయనం వెలువడింది. చొంగ కారడం, నీరసం, తూలుతూ నడవడం, వణుకు ఎక్కువగా కనిపించాయి. చాలావాటిలో ఈ లక్షణాలు 2 నుంచి 12 గంటల్లోపు మొదలయ్యాయి. అంటే పూసిన వెంటనే బాగానే ఉందని ధీమా పడకూడదు. పిడుదులకు పశువైద్యులు రాసే మందులున్నాయి. అవి బరువును బట్టి ఇస్తారు, కుక్కకు రాసినది పిల్లికి వాడకూడదు.

తైలం ఒంటి మీద పడితే గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపి కడగండి, ఉత్త నీళ్లకు నూనె వదలదు. తర్వాత తుడిచి వెచ్చగా ఉంచండి. మింగినా సరే, బలవంతంగా వాంతి చేయించవద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఆ సీసాను వెంట తీసుకుని పశువైద్యుల దగ్గరికి వెళ్లండి. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచే ఉంది. ఏ తైలం, ఎంత, ఎప్పుడు అన్న మూడు సంగతులు దాచకుండా చెబితే చికిత్స త్వరగా మొదలవుతుంది.