వృత్తి సంఘాల ఊరేగింపు బ్యానర్లు: అపోహలు - వాస్తవాలు

పాత వస్త్రాలు పాడవకుండా కాపాడే కన్జర్వేషన్ పని నాది. నా బల్ల మీదికి వచ్చేవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి 19వ శతాబ్దపు బ్రిటన్‌లో వృత్తి సంఘాలు, అంటే ఒక్కో వృత్తి వాళ్ల కార్మిక సంఘాలు, ఊరేగింపుల్లో మోసిన పెద్ద పెద్ద బ్యానర్లు. వాటి గురించి తరచూ వినే మాటలు కొన్ని సరిచేయాలని ఇది రాస్తున్నాను.

అపోహ: కార్మిక సంఘం బ్యానర్ అంటే ఎర్ర గుడ్డ, బిగించిన పిడికిలి.

వాస్తవం: మే డే జెండాలు చూస్తూ పెరిగిన మనకు అలా అనిపించడం సహజమే. కానీ వీటిలో చాలావాటి మీద ఉండేవి ఆ వృత్తి పనిముట్లు, బైబిల్ దృశ్యాలు, పాత గిల్డుల (పూర్వపు చేతివృత్తుల వాళ్ల కూటముల) చిహ్నాలను పోలిన డాళ్లు, కలిపిన చేతులు, కట్టగా ఉంటే విరగని పుల్లల మోపు. జబ్బుపడ్డ సభ్యుణ్ణి సంఘం వాళ్లు పరామర్శించడం, భర్త పోయిన ఇల్లాలికి డబ్బు అందించడం కూడా కనిపిస్తాయి. మాంచెస్టర్‌లోని పీపుల్స్ హిస్టరీ మ్యూజియంలో లివర్‌పూల్ టిన్‌ప్లేట్ (తగరపు పూత రేకు) పనివాళ్ల బ్యానర్ ఉంది. అది 1821 నాటిది. అప్పటికి కూలి పెంచమని పనివాళ్లు జట్టు కట్టడమే నేరం. ఆ చట్టాలు 1824లో గానీ రద్దు కాలేదు. అందుకే చాలా సంఘాలు పరస్పర సహాయ సంఘాలుగా నడిచేవి. బొమ్మల్లో పోరాటం కంటే ఆదుకోవడం ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

అపోహ: సమ్మె ఉంటేనే బయటికి తీసేవాళ్లు.

వాస్తవం: సభ్యుల అంత్యక్రియలకు, వార్షికోత్సవాలకు, ఊరి సంబరాలకు కూడా తీసేవాళ్లు. గని కార్మికులవి చేతివృత్తి సంఘాలు కాకపోయినా ఒక్క మాట చెప్పాలి: ఇంగ్లండ్‌లోని డర్హమ్‌లో 1871లో మొదలైన గని కార్మికుల ఉత్సవంలో, ఆ ఏడాది ఏ గనిలోనైనా మనిషి చనిపోతే దాని బ్యానర్‌కు నల్ల క్రేప్ గుడ్డ చుట్టి మోసేవారు.

అపోహ: ఇవన్నీ పనివాళ్లు, వాళ్ల ఇంటి ఆడవాళ్లు కూర్చుని కుట్టుకున్నవి.

వాస్తవం: చాలావరకు ఇవి కుట్టినవి కావు, పట్టు మీద నూనె రంగులతో వేసినవి. తొలి రోజుల్లో ఊళ్లోని సైన్‌బోర్డు పెయింటర్లు వేసేవాళ్లు. 1837లో లండన్‌లో బ్యానర్లు తయారుచేసే జార్జ్ టటిల్ సంస్థ మొదలయ్యాక, క్రమంగా ఎక్కువ ఆర్డర్లు దానికే వెళ్లాయి. బట్టలో డిజైన్లు నేసే జకార్డ్ మగ్గం మీద పట్టు నేయించి, సిద్ధంగా ఉన్న నమూనాల్లోంచి సంఘాల చేత బొమ్మ ఎంపిక చేయించేవాళ్లు. దీన్ని బట్టి పనివాళ్ల చెయ్యి లేదనుకోవడం కూడా తప్పే. 1851లో ఇంజనీర్ల సంఘానికి చిహ్నం గీసిన జేమ్స్ షార్పుల్స్ కమ్మరి పని చేసేవాడు. ఆ సంఘం బ్యానర్ల మీదికి కూడా ఆ బొమ్మ ఎక్కింది.

అపోహ: సరిగ్గా చూసుకోక పగుళ్లు వచ్చాయి, ఉతికి ఇస్త్రీ చేస్తే కొత్తగా అవుతుంది.

వాస్తవం: దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. టటిల్ 1861లో ఒక పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు: పట్టుకు ముందు రబ్బరు పూత వేసి, దాని మీద రంగు వేయడం. చుట్టినా విప్పినా రంగు రాలకుండా సాగేందుకు ఈ ఏర్పాటు. అప్పటికి గొప్ప ఆలోచనే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి పెళుసవుతుంది. రంగు ఉన్నచోట బట్ట బిరుసు, లేనిచోట మెత్తన, కాబట్టి ఆ రెండూ కలిసే అంచు దగ్గరే చిరుగుతుంది. దానికి తోడు ఇవి గాలిలో మోసినవి. రెండు కర్రలు పట్టుకునే ఇద్దరు చాలక, ముందూ వెనకా తాళ్లు లాగి పట్టే మనుషులు కావాలి. ఓడ తెరచాపలా గాలి పట్టేసేది. ఆ లాగుడంతా పట్టు మీదే పడింది.

మాకు పెద్ద టెన్షన్ ఎక్కడంటే, బొమ్మ రెండు వైపులా ఉంటుంది. వెనక గట్టి గుడ్డ అతికిస్తే ఒక బొమ్మ శాశ్వతంగా మూతపడుతుంది. అందుకని అవతలి రంగు కనిపించేంత పలచని వల లాంటి గుడ్డతో చిరుగులకు ఆసరా ఇస్తాం. దాచేటప్పుడు మడత పెట్టం, పెద్ద గొట్టానికి చుడతాం.

అపోహ: మ్యూజియం వాళ్లు మంచివన్నీ లోపల దాచేస్తారు.

వాస్తవం: వెలుతురు పట్టును తినేస్తుంది, ఆ నష్టాన్ని తిరిగి సరిచేయలేం. అందుకే ప్రదర్శనలో వెలుతురును దాదాపు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వం, కొంతకాలం చూపించాక దించి వేరేవి పెడతాం. మాంచెస్టర్‌లో బ్యానర్లను ఏటా మారుస్తారు. ఫలానా బ్యానరే చూడాలనుకుంటే, బయల్దేరే ముందు అది ఆ ఏడాది గోడ మీద ఉందో లేదో మ్యూజియాన్ని అడగండి.